మన గంట తీసేసుకున్నారు

ఉదయగిరి,
12 ఆగస్టు 2024.

తమ్ముడు జోసెఫ్‌కు,

అక్క రెబెకమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి, వెంటనే తిట్టడం మొదలుపెడుతోంది.

మన గంట ఏది?

ఏప్రిల్‌లో చర్చి గంటకు బీట పడినప్పుడు పాస్టరు డేవిడ్‌రాజు నెల్లూరులో బాగు చేయిద్దామన్నాడు. వద్దన్నది నువ్వే. కంచు గంటలు చేసే ఊరు మీ విమానాశ్రయానికి నూరు కిలోమీటర్లేనన్నావు. అక్కడ బాగు చేయించి మీ కార్గో విమానంలో మద్రాసుకు వేస్తే, మూడు రోజుల్లో మన కొండ కింద ఉంటుందన్నావు. ఆ మాట నేను సంఘంలో లేచి నిలబడి చెప్పి, గంట దింపించి నీ చేతికిచ్చాను. నాలుగు నెలలయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, ఇమానం దిగిందా?" అని అడిగిపోతున్నారు.

ఆ గంట మొదటిసారి తెల్లదొరలతో ఓడలో వచ్చిందట. రేవు నుంచి ఇక్కడికి ఎద్దుల బండి మీద ఇరవై రోజులకు చేరిందని నాయన చెప్పేవాడు. మీ విమానం కంటే ఆ ఎద్దులే నయం.

ఫోను చేయక ఉత్తరం ఎందుకు రాస్తున్నానో కూడా విను. నెల్లూరులో చెవుల డాక్టరుకు చూపించాను. ఎడమ చెవి పూర్తిగా పోయిందట. కుడిది క్రిస్మస్ దాకా ఉంటే గొప్ప అన్నాడు. మిషను పెట్టుకుంటే తిరగలి తిప్పినట్టు ఒకటే రొద, మాట మాత్రం తెలియదు. పక్కింటి అశ్విత ఫోనులో మెసేజీ పెట్టమంటుంది గానీ ఆ చీమల అక్షరాలు నా కళ్లకు ఆనవు. కాగితం మీద రాయి.

నాయన ముప్పై ఏళ్లు, ఆయన తరువాత నేను ఇరవై ఆరేళ్లు ఆ తాడు లాగాం. చెవి పూర్తిగా మూసుకుపోయేలోగా ఆ గంట ఇంకొక్కసారి వినాలి. నాకు వేరే కోరిక లేదు. మరదలు సుజనను అడిగానని చెప్పు.

నీ అక్క,
రెబెకమ్మ


కార్గో షెడ్డు,
20 ఆగస్టు 2024.

అక్కకు జోసెఫ్ వందనాలు. తిట్లు క్షేమంగా అందాయి.

చెవి సంగతి చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ముందే ఎందుకు చెప్పలేదు?

గంట సంగతి. దాన్ని చేసినవాళ్లు మొన్న పదిహేడున లారీలో తెచ్చి దించారు. ఇంత ఆలస్యం ఎందుకో వాళ్లనే అడగాలి, పండగంటారు, బొగ్గు లేదంటారు. ఇక ఇక్కడి వ్యవహారం. ఇది కాస్త ఓపిగ్గా చదువు. మాది ఒకే రన్‌వే, ముగ్గురి కాపురం. రన్‌వే ఎయిర్‌ఫోర్స్‌ది. నేను ఇరవై ఏళ్లు గోడకు అటు పక్క సార్జెంటుగా చేసి, రిటైరై, ఇప్పుడు ఇటు పక్క షెడ్డులో సూపర్‌వైజరుగా ఉన్నాను కాబట్టి రెండు పక్కల కష్టాలూ నాకు తెలుసు. ప్రయాణికుల విమానాలు పొద్దున రెండు వచ్చిపోతాయి. మా కార్గో విమానానికి మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఒకే ఒక గంట ఇచ్చారు. ఆ గంటలోనే దిగాలి, దించాలి, ఎక్కించాలి, ఎగరాలి. ఐదు దాటితే ఆకాశం వాళ్లది. ఇక్కడ లోడింగులో మన కలిగిరి వాడు మాల్యాద్రి ఉన్నాడులే. మేమిద్దరం దాన్ని "మన గంట" అంటాం. మన గంట ఎప్పుడు వస్తుందా అని వారమంతా కూర్చుంటాం.

పెట్టెను ఎక్స్‌రే మిషనులో పెడితే అక్కడి జవాను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. బోర్లించిన లోహం, లోపల వేలాడే ముక్క. అతన్ని మాత్రం ఏమనగలం? చర్చి గంట అని మూడు భాషల్లో రాసిచ్చాను. అనుమతి ముద్ర పడి ఆ కాగితం తిరిగి రావాలి. పెట్టె నా కుర్చీ పక్కనే భద్రంగా ఉంది. మధ్యాహ్నం దాని మీదే టిఫిన్ డబ్బా పెట్టుకుని తింటున్నాను.

నీ తమ్ముడు,
జోసెఫ్


ఉదయగిరి,
29 ఆగస్టు 2024.

జోసెఫూ,

నీ ఉత్తరం ఇందులోనే తిప్పి పంపుతున్నాను. పదకొండు తప్పులున్నాయి, ఎర్ర సిరాతో దిద్దాను. నా దగ్గరే చదువుకుని నా పరువు తీస్తున్నావు.

రన్‌వే ఎవరిది, విమానం ఎన్నింటికి, గోడకు అటెవరు, ఇటెవరు అన్నదంతా తప్పులు దిద్దుకుంటూ దాటేశాను. ఆ పురాణం నాకెందుకు? గంట ఏదిరా అంటే భూగోళ పాఠం చెబుతున్నావు. ఇకమీదట నాలుగు వాక్యాల్లో రాయి. ఐదోది రాశావంటే చదవను.

ఇంకా, ఆ పెట్టె మీద ఇడ్లీలు తింటావా? నాయన చెప్పులు విడిచి గానీ తాడు పట్టుకునేవాడు కాదు.

పోయిన మంగళవారం మన శీనమ్మ పోయింది. ఎవరు పోయినా వాళ్ల వయసెంతో అన్ని దెబ్బలు కొట్టడం మన వాడుక కదా. గంట లేక, బడి దగ్గరి రైలు పట్టా ముక్క తెచ్చి వేపకొమ్మకు కట్టి, సుత్తితో ఎనభై ఒక్క దెబ్బలు కొట్టాను. ఇంటర్వెల్ అనుకుని బడి పిల్లలు బయటికి వచ్చారు. శీనమ్మ నాతో మూడు సార్లు చెప్పింది, "నాకు మంచిగా కొట్టు రెబెకా" అని. ఆ రోజు నీ మీద వచ్చిన కోపం ఇంకా దిగలేదు.

రెబెకమ్మ


కార్గో షెడ్డు,
9 సెప్టెంబరు 2024.

అక్కా, వందనాలు.

ఎయిర్‌ఫోర్స్ వాళ్లు మన గంట తీసేసుకున్నారు. విన్యాసాలకు కావాలట, మళ్లీ ఎప్పుడు ఇస్తారో చెప్పలేదు. పై నుంచి వచ్చిన ఆర్డరు, ఎదురు మాట్లాడేది లేదు. నువ్వు దిగులు పెట్టుకోకు.

జోసెఫ్

లెక్క పెట్టుకో, నాలుగే.


ఉదయగిరి,
16 సెప్టెంబరు 2024.

జోసెఫ్,

దిగులు పెట్టుకోకు అని ఎలా రాయగలిగావు? నూట నలభై ఏళ్ల గంటను ఎవరో వచ్చి తీసుకుపోతుంటే, దాని మీద డబ్బా పెట్టుకుని ఇడ్లీలు తిన్నవాడివి, ఎదురు మాట్లాడేది లేదని ఊరుకున్నావా? ఇరవై ఏళ్లు వాళ్ల దగ్గర పని చేశావే, ఒక్కడికీ నీ మొహం గుర్తు లేదా?

నీ ఉత్తరం ఆదివారం సంఘంలో చదివాను. చదివేటప్పుడు నా గొంతు ఎంత పెరిగిందో నాకు తెలియదు, పిల్లలు జడుసుకున్నారట. డేవిడ్‌రాజు అక్కడికక్కడే ప్రార్థన పెట్టాడు. మధ్యాహ్నానికి వార్త బస్టాండు దాటింది. విన్యాసాలకు గంటెందుకని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే, హోటలు అంకారావు వచ్చి, "కంచు గదమ్మా, కరిగించి తూటాలు చేస్తారు. యాడో పేపర్లో పడి ఉండాది" అన్నాడు. అతను పేపరు చదవడం నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ మాట విన్నాక నాకు నిద్ర లేదు.

డేవిడ్‌రాజు నీకు పదకొండు సార్లు ఫోను చేశాడు. మోగుతుంది, ఎత్తవు. అందుకని అర్జీ రాశాం. రాసింది నేనే. రెండు వందల పన్నెండు సంతకాలు. చర్చి వాళ్లే కాదు, అంకారావు వీధీ, సాయిబుల వీధీ అంతా పెట్టారు, ఆ గంట విని పొయ్యి వెలిగించుకున్న వాళ్లే అందరూ. ఒక ప్రతి ఢిల్లీకి, ఒకటి మీ ఎయిర్‌ఫోర్స్ పెద్దాఫీసరుకు రిజిస్టర్డ్ పోస్టులో వేశాం. నీ పేరు కూడా రాశాను. పిరికివాడని రాశాను. అది తప్పని నాకు అనిపించలేదు.

రెబెకమ్మ


కార్గో షెడ్డు,
30 సెప్టెంబరు 2024.

అక్కా,

ఈ ఉత్తరంలో నాలుగు కంటే ఎక్కువ వాక్యాలుంటాయి. మొత్తం చదవాలి. నీకు దండం పెడతాను, ఒక్క ముక్క కూడా దాటేయకుండా చదవాలి.

వాళ్లు తీసేసుకున్నది గంట. అంటే గంట కాదు. అరవై నిమిషాలు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు. ఆగస్టు ఉత్తరంలో పేజీడు రాశాను, నువ్వు ఎర్ర సిరాతో దిద్దావు కూడా! మా కార్గో టైమును విన్యాసాల కోసం తీసుకున్నారు. గంట నా కుర్చీ పక్కనే ఉంది. అంటే కంచు గంట. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ముట్టుకోలేదు, కుర్చీ పక్కనే ఉంది అనడం మొన్నటి వరకూ నిజం. శనివారం పెద్దాఫీసరు పిలిపించారు. టేబులు మీద మీ అర్జీ ఉంది. తెలుగులో ఉంది కాబట్టి అనువాదం చేయమని నాకే ఇచ్చారు. సైన్యం మా దేవుడి గంటను తూటాలకు కరిగిస్తున్నదని, మా తమ్ముడు పిరికివాడని, నేనే నిలబడి ఇంగ్లీషులో చదివి వినిపించాను. మన భాషలో కాలానికీ చర్చిలో మోగేదానికీ ఒకటే మాట సార్ అని చెబితే, ఆయన నవ్వలేదు. "మరి మీరు ఎలా బతుకుతున్నారు?" అని అడిగారు.

ఇప్పుడు జరిగింది చెబుతాను, కూర్చుని చదువు. ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఫైలు తెరిచారు. ఫైలు ఉంది కాబట్టి విచారణ ఉంది. విచారణ అయ్యేదాకా ఆ పెట్టె కదలకూడదని సీలు వేసి గోడకు అటు పక్కకు తీసుకుపోయారు. అంటే ఎయిర్‌ఫోర్స్ మన గంట తీసుకోలేదని తేలేదాకా మన గంట ఎయిర్‌ఫోర్స్ దగ్గరే ఉంటుంది. నువ్వు అర్జీ పెట్టకపోయి ఉంటే రేపటి విమానానికి వెళ్లిపోయేది, మాకు రేపు ఒక్కరోజు టైము తిరిగి ఇచ్చారు.

ఫోను ఎత్తలేదన్నావు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర ఇచ్చిపోతాం. సాయంత్రం చూస్తే పేరు లేని నంబరు, బ్యాంకు వాళ్లనుకుని తిరిగి చేయలేదు. అది కూడా నేను చెప్పే ఉంటాను, నువ్వు దాటేసి ఉంటావు.

పెట్టె తెరిచి నా ముందే పంచనామా రాశారు. "కంచు గంట ఒకటి, కొత్త పోత, ముప్పై ఎనిమిది కిలోలు, దెబ్బలు లేవు." ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని నువ్వు రాసిస్తే ఫైలు మూస్తారు. వెంటనే రాయి.

జోసెఫ్


ఉదయగిరి,
7 అక్టోబరు 2024.

జోసెఫ్‌కు,

కోరిన కాగితం జత చేశాను. సంఘం పెద్దలంతా సంతకాలు పెట్టారు. ఆదివారం సంఘంలో లేచి నిలబడి, సైన్యం గంట తీసుకోలేదు, నేను చదవడం తప్పు అని చెప్పాను. ముప్పై నాలుగేళ్లు తెలుగు చదవడం నేర్పినదాన్ని. ఆ మాట చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో నీకు అర్థం కాదు. సమయం అని రాసి ఉండకూడదా? టైము అని రాసినా చాలు కదా?

ఆఫీసరు గారి భార్యకు ఉదయగిరి చెక్క గరిటెలు ఆరు పంపుతున్నాను. లంచం అనుకుంటే వద్దు, నువ్వే వాడుకో.

అది అలా ఉండనీ. "కొత్త పోత" అంటే ఏమిటి?

నేను నీకు ఇచ్చింది బీట పడిన పాత గంట. బీట అతికించమని ఇచ్చాను. నాయన చేతిలో మోగినదాన్ని నువ్వు కరిగించావా? అంకారావు చెప్పినదే నిజమైందా, చేసింది మాత్రం నా తమ్ముడా? కొత్త గంట వినాలని ఉంటే నెల్లూరులో కొనుక్కునేదాన్ని. అక్కను అడగాలని నీకు ఒక్కసారైనా తోచలేదా?

ఈ వారం నుంచి కుక్కరు కూత వినిపించడం లేదు. రెండు సార్లు పప్పు మాడింది. పాస్టరు పెదవుల వైపు చూస్తుంటేనే మాట తెలుస్తోంది. ఇక నీకు నేను రాయడానికి ఏమీ లేదు.

రెబెకమ్మ


కార్గో షెడ్డు,
26 అక్టోబరు 2024.

అక్కకు,

ఫైలు మూశారు. నిన్న శుక్రవారం గంట ఎక్కింది.

నీకు నమ్మకం కలగాలని ఎలా ఎక్కిందో రాస్తాను. ఇంకా విన్యాసాలు అవలేదు, మా టైము మాకు ఇవ్వలేదు. పెద్దాఫీసరు ఫైలు మీద సంతకం పెడుతూ నీ చెవి సంగతి అడిగారు. అర్జీ చివర నువ్వు రాసుకున్నావుగా, అది కూడా నేనే చదవాల్సి వచ్చింది. ఎవరికో ఫోను చేసి, ఆ రోజుకు వాళ్ల విమానాలను కాస్త ముందే దించి మాకు అరగంట ఇచ్చారు. అరగంట అంటే సగం గంట కాదు, ముప్పై నిమిషాలు. గంట మొత్తం వస్తోంది. మాల్యాద్రి, నేను ఇద్దరమే మోసి ఎక్కించాం.

గరిటెలు ఆయన తీసుకోలేదు. ఒక్కటి మాత్రం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

ఇప్పుడు నువ్వు అడిగినది. బీట నడుం దాకా పోయిందని, అతికిస్తే నెలకే విడిపోతుందని, కరిగించి అదే కంచుతో మళ్లీ పోయడమే దారి అని పనివాడు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. జూన్ మూడో తేదీన అక్కడి నుంచే నీకు ఫోను చేశాను. అంతా చెప్పాను. "కరిగించమంటావా అక్కా?" అని మూడు సార్లు అడిగాను. నువ్వు "సరే నాయనా, నీ ఇష్టం. అన్నం తిన్నావా?" అన్నావు.

నీకు వినబడలేదని నాకేం తెలుసు? వినబడనప్పుడు వినబడలేదని చెప్పకుండా అందరికీ సరే సరే అంటూ ఎన్నాళ్ల నుంచి నెట్టుకొస్తున్నావు? నాకూ కోపం వస్తుంది అక్కా. చెవి పోతున్నదని నాతో చెప్పి ఉంటే, బస్సెక్కి వచ్చి నీ ముందు నిలబడి అడిగేవాణ్ణి.

జోసెఫ్


ఉదయగిరి,
12 నవంబరు 2024.

తమ్ముడూ,

జూన్ ఫోను నాకు గుర్తుంది. నువ్వు ఏదో గట్టిగా అరుస్తున్నావు, వెనక పెద్ద మంట మండుతున్నట్టు హోరు. ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదంటే నీకు చెవుడు సంగతి తెలుస్తుందని సరే అన్నాను. ఇలా రెండేళ్లుగా చాలా మందికి సరే అన్నాను. ఇంకెన్నింటికి ఒప్పుకున్నానో దేవుడికే తెలియాలి.

గంట మద్రాసు నుంచి లారీలో వచ్చి నెల్లూరులో దిగి, ఆత్మకూరులో ఒక రోజు ఆగి, శుక్రవారం చేరింది. శనివారం వేలాడదీశారు. ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదటి గంట. చెప్పులు విడిచి తాడు పట్టుకున్నాను. సంఘమంతా ఆవరణలో నిలబడి ఉంది.

లాగాను. మోగలేదు.

నీ పనివాళ్లు గంట లోపలి నాలుక సరిగ్గా కట్టలేదనుకున్నాను. ఇంకా గట్టిగా లాగాను. పైకి చూస్తే గంట ఊగుతోంది. చప్పుడు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది జోసెఫూ. కరిగించి మూగదాన్ని చేసి పంపావని నిన్ను తిట్టుకుంటూ లాగుతూనే ఉన్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎంతసేపు లాగానో తెలియదు. తిరిగి చూస్తే ప్రహరీ అవతల బజారంతా ఉంది. అంకారావు అట్లకాడతో సహా పరుగెత్తి వచ్చాడు, ఎక్కడో నిప్పు అంటుకుందనుకున్నారట. చిన్నపిల్లలు రెండు చెవులూ మూసుకుని నిలబడ్డారు.

ఆ పిల్లలను చూసేదాకా నాకు తట్టలేదు.

డేవిడ్‌రాజు వచ్చి తాడు మీద నుంచి నా చేతులు విడిపించాడు. నా ఎదురుగా నిలబడి, నాకు తెలిసేలా మెల్లగా అన్నాడు. "మోగతా ఉండాదమ్మా. బాగా మోగతా ఉండాది."

నలుగురిలో ఏడ్చాను. నాయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నీ మీద కోపం లేదు. ఆగస్టులో వచ్చినా వినేదాన్నేమో అనిపిస్తుంది, అది మాత్రం పోవడం లేదు. అందులో నా అర్జీ పాపం కూడా ఉంది, తెలుసు.

ఇక్కడ ఎవరిని అడిగినా బాగుందమ్మా అంటున్నారు. బాగుంది అంటే నాకేం తెలుస్తుంది? నాయన గంట ఎలా ఉండేదో తెలిసినవాళ్లు నువ్వూ నేనూ తప్ప ఎవరూ మిగల్లేదు. నువ్వు రా. వచ్చి విని, ఎలా ఉందో రాసివ్వు. ఈసారి పొడుగ్గా రాయాలి. నాలుగు వాక్యాలు రాస్తే ఒప్పుకోను.

అక్క


ఉదయగిరి, చర్చిలో రెండో బెంచీ,
1 డిసెంబరు 2024, పొద్దున ఎనిమిది.

అక్కా,

నువ్వు తాడు దగ్గర ఉన్నావు, నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. పెన్సిలు పట్టుకుని నాయన ముందు కూర్చున్నట్టుంది.

మొదటి దెబ్బ పడింది. నిండుగా ఉంది. రెండోది దాని వెనకే వచ్చింది, మొదటిది ఇంకా ఆగకుండానే. కొండ దాకా పోయి తిరిగి వస్తోంది, ప్రతిద్వని మూడు సార్లు లెక్కపెట్టాను. తెరిచిన తలుపులోంచి చూస్తే, ప్రహరీ మీద మేక ఒకటి తల ఎత్తింది. అంకారావు హోటల్లో ఇద్దరు చేతి వాచీలు చూసుకున్నారు. బెంచీ చెక్క సన్నగా వణుకుతోంది, నా అక్షరాలు వంకరపోతే అందుకే.

నువ్వు అడిగినదానికి అబద్ధం రాయను. ఇది నాయన గంట కాదు. ఆయన గంట చివర కాస్త జీరపోయేది, జలుబు చేసిన మనిషి గొంతులాగా. ఎన్నిసార్లు మోగినా ఆ జీర వచ్చాకే ఆదివారం మొదలైనట్టుండేది. దీనికి ఆ జీర లేదు. శుభ్రంగా, పిల్లల గొంతులాగా ఉంది. ఇక్కడున్న వాళ్లకు ఇకమీదట ఇదే గంట, వాళ్ల చెవుల్లో ఇదే నిలుస్తుంది. పాతది మాత్రం నీకు చెడలేదు. ఇప్పుడు నువ్వు తాడు లాగుతూ చివర తల కొంచెం పక్కకు వంచుతున్నావు, ఆ జీర దగ్గర నాయన వంచినట్టే. అది నీకు వినిపిస్తోందని నాకు ఇక్కడికి కనిపిస్తోంది.

నాకు వినిపించడం లేదక్కా. నాకూ వినాలని ఉంది.

జోసెఫ్


(అదే కాగితం కింద, ఎర్ర సిరాతో)

"ప్రతిధ్వని"లో ధకు వత్తు ఎగరగొట్టావు. మిగతాదంతా సరిగ్గా ఉంది, ఆ జీర కూడా.

రెండో గంటకు వేళయింది. నేను లాగుతాను, నువ్వు రాస్తూ ఉండు.